పరిశోధకుల డిజిటల్ ప్రతులు – ప్రామాణ్య విచారము

లిఖిత పుస్తక భాండాగారములకు బోవు పరిశోధకులు, అనుమతి లభించినచోట, తాళపత్ర ప్రతులను దామే ఫోనుతోనో కెమెరాతోనో చిత్రించి తెచ్చుకొనుచున్నారు. ఇది మేలే. పూర్వము నెలలతరబడి కూర్చుండి యెత్తి వ్రాసికొనవలసిన గ్రంథ మొక్క దినమున జేతికి వచ్చుచున్నది. పత్రములకును మాటిమాటికి ద్రిప్పుటవలని నలుగుడు తప్పుచున్నది. అయిన నీ ప్రతుల ప్రామాణ్య మెంతయో విచారింపవలసియున్నది.

డిజిటల్ ప్రతిని మూలముగనే భావించుట సరికాదని మా యభిప్రాయము. లేఖకుడు వ్రాసిన నకలువలె నదియు నొక పుత్రికాప్రతియే. లేఖకునకు వలెనే కెమెరాకును బ్రమాదములు గలవు. గంటముతో జెక్కి మసి పూయని యక్షరము, వెలుతురు ప్రక్కనుండి పడినప్పుడే స్పష్టముగా గనబడును. పురుగు తొలిచిన రంధ్రము చిత్రమున జుక్కయై సున్నగా భ్రమింపజేయవచ్చును. పత్రమును వెలుగున కెత్తి చూచినవాని కా భ్రమ యుండదు. సున్న చేరినచో లఘువు గురువగును; దానిపై నిలిచిన పాఠనిర్ణయమును దప్పును. అంచు విడిచి తీసినచో నచటి పత్రసంఖ్య పోయి, గ్రంథక్రమమే చెడును.

సి. పి. బ్రౌన్ (1798–1884) కడపలో బండితులను నియమించి, పలు ప్రతుల పాఠములను బోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన సంపుటములు నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నున్నవి. ఆయన పండితుల నిర్ణయములను అంగీకరింపని విమర్శకుడు వానిని దెప్పించుకొని చూడవచ్చును. మన చిత్రములో, తీసినవాని యంత్రమున నొంటిగా బడియుండును. సిద్ధాంతవ్యాసమున “మా యొద్దనున్న ప్రతి” యని మాత్రమే సూచించినచో, పరీక్షకుడు దేనితో సరిచూడగలడు?

ప్రాచీన లేఖకులలో బెక్కురు గ్రంథాంతమున దమ పేరు, ఊరు, సంవత్సరము, తిథి తెలిపియున్నారు. ఆ నాలుగు మాటలే నేడు ప్రతుల కాలనిర్ణయమున కాధారములగుచున్నవి. మన చిత్రములకు యంత్రమిచ్చిన యంకె తప్ప నట్టి గుర్తు సాధారణముగా నుండదు. కావున ప్రతి చిత్రసంపుటికిని భాండాగారము పేరు, ప్రతిసంఖ్య, పత్రసంఖ్య, పత్రపు ముందువెనుకలు, తీసిన దినము, తీసినవాని పేరు, విడిచిన పత్రములు తెలుపు వ్రాత యొకటి చేర్చవలెను. సందేహముగల పాఠమును మూలముతో మరల సరిచూచినది లేనిది వ్యాసమున జెప్పవలెను. భాండాగారమువారు సమ్మతించినచో నొక నకలు వారికడ నుంచుట యుక్తము.

తాటాకు శిథిలమైన పిదప నీ చిత్రమే సాక్షిగా మిగులవచ్చును. అది ఊరుపేరులేని సాక్షి కాకుండ జూచుట తీసినవాని విధి.