కాండీ కుక్కకు పేరు లేదు

జాన్ స్టైన్‌బెక్ 1937లో రాసిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ చిన్న నవల. అందులో కాండీ అనే ముసలి కూలీ పెంచుకున్న కుక్కను కాల్చేసే ఘట్టం ఉంది. చాలామంది విమర్శకులు దాన్ని చివర రాబోయే లెన్నీ చావుకు సూచనగా చదువుతారు. కాదనలేం, రెండుచోట్లా పేలింది ఒకే పిస్తోలు. అయితే అలా చదివితే కుక్క సూచనగానే మిగిలిపోతుంది, కుక్కగా కనిపించదు.

ఒకప్పుడు గొర్రెల్ని కాచిన కుక్క అది. ఇప్పుడు పళ్ళు లేవు, కీళ్ళు బిగుసుకుపోయాయి. తోటి కూలీ కార్ల్‌సన్ దాన్ని చంపెయ్యమంటాడు. అతని వాదన వరుస గమనించండి. ముందు కంపు, దాని బాధ ఆ తర్వాతే. బ్యాంకులో మేము ఇద్దరి పద్దులు ఒకే ఖాతాలో రాయం. కంపు గదిలోని మనుషుల పద్దు. నొప్పి కుక్క పద్దు. కార్ల్‌సన్ రెండూ కలిపేశాడు. అందరూ గౌరవించే స్లిమ్ కూడా సరేననడంతో కాండీకి ఎదురు చెప్పే దారి లేకపోయింది. మంచంమీద పడుకుని పైకప్పు చూస్తూ, పేలుడు వినబడగానే గోడవైపు తిరిగాడు. పరాయివాడికి అప్పగించకుండా తానే కాల్చి ఉండవలసిందని తర్వాత జార్జితో అన్నాడు.

నవలలో ఎక్కడా ఆ కుక్కకు పేరు లేదు. ఇది రచయిత మరుపు కాదనుకుంటాను. పని చెయ్యలేనిదానికి ఆ గదిలో పేరుతో అవసరం లేదు.

మనకు తిక్కనగారి మహాప్రస్థానిక పర్వం ఉంది. కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. కాని దారిలో ద్రౌపదీ తమ్ములూ పడిపోయారు గాని కుక్క పడలేదు, అది ధర్మదేవత. విడవకూడదని ఆ కథ నేర్పుతుంది. పడిపోయిన కుక్కను ఏం చెయ్యాలన్న ప్రశ్న అక్కడ రాదు.

ఆ ప్రశ్నకు ఎదురు నిలిచింది 1928లో గాంధీగారు సబర్మతి ఆశ్రమంలోని దూడ గురించి రాసిన వ్యాసం. ఇక లాభం లేదని వైద్యుడు చెప్పాక ఆశ్రమవాసులతో చర్చించారు. వద్దన్నవారి మాటా విన్నారు. చివరకు తన ఎదుటే సూదిమందు ఇప్పించారు. ఆపైన పత్రికలో తన పేరుతో రాసి, వచ్చిన దూషణకు బదులిచ్చారు. కాండీ చెయ్యలేనిది ఇదే.

మా హోసూరు ఇంట్లో పదమూడేళ్ళ కుక్క లేవలేక పడి ఉంది. పశువైద్యుడు సూది మాట ఎత్తాడు. ఇంట్లో మాటలు ఇలా నడిచాయి: వాసన, రాత్రుళ్ళు నిద్ర లేకపోవడం, ఆ తర్వాత పాపం, బాధపడుతోందని. సరిగ్గా కార్ల్‌సన్ వరుసే. మా ఆవిడకు ఆ ఘట్టం చదివి వినిపించాను. “అయితే ముందు దాని నొప్పి సంగతే అడుగుదాం. సూది వెయ్యాల్సివస్తే తల నా ఒళ్ళో పెట్టుకుంటాను,” అంది.

చంపడం తప్పా ఒప్పా అన్నది స్టైన్‌బెక్ తేల్చలేదు. ఎవరి సుఖం కోసం, ఎవరి చేతిమీదుగా అన్నవి మాత్రం వదలకుండా అడిగాడు. ముసలి జీవం ఉన్న ప్రతి ఇంట్లో చదవదగిన నవల ఇది.