రైలు పట్టాల మీద దొరికిన జారుడు

మా కాజీపేట జంక్షన్‌లో రాత్రిపూట గూడ్సు బండికి బ్రేకు పడితే, ఇనుము మీద ఇనుము జారి సన్నటి కూత ఒకటి సాగుతుంది. హవాయి గిటారు పుట్టుక కథ వింటే ఆ కూతే గుర్తొస్తుంది. 1880ల్లో ఓవాహు దీవిలో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు రైలు పట్టాల వెంట పోతూ, దొరికిన బోల్టును గిటారు తీగల మీద జార్చి చూశాడట. మెట్ల మీద నొక్కకుండా తీగ మీద కడ్డీ జార్చడం మన గోటువాద్యానికీ తెలిసిన విద్యే. స్వరం నుంచి స్వరానికి వెళ్లే దారి కూడా అందులో వినిపిస్తుంది.

ఆ జారుడును సినిమా పాటలో ఎంత పొదుపుగా వాడొచ్చో 'బ్లూ హవాయి' పాటల్లో వినాలి. ఎల్విస్ ప్రెస్లీ ఈ పాటలను షూటింగుకు ముందే, 1961 మార్చి 21, 22, 23 తేదీల్లో హాలీవుడ్‌లోని రేడియో రికార్డర్స్ స్టూడియోలో పాడాడు. సముద్రపు గాలి సోకని ఆ గదిలోకి దీవిని మోసుకొచ్చింది కళాకారులే. ఎల్విస్ వెంట ఎప్పుడూ ఉండే జోర్డనేర్స్ బృందానికి తోడు హవాయి గాయకులు 'ద సర్ఫర్స్' గొంతు కలిపారు. ఆ జారుడు పలికించే స్టీల్ గిటారు ఆల్వినో రేది. యుకలేలీ పట్టిన ఫ్రెడ్డీ టవారెస్ మావీ దీవిలో పుట్టినవాడు; ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ గిటారు రూపకల్పనలోనూ ఆయన చెయ్యి ఉంది.

'కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్' ఒక్కటి దగ్గరగా వినండి. బాణీకి మూలం హవాయిది కాదు, 1784 నాటి ఫ్రెంచి పాట. మూడేసి దెబ్బల నడక ఊయల మీద నిదానంగా ఊగుతున్నట్టు ఉంటుంది. ఎల్విస్ ఒక్కో మాటనూ తొందరపడకుండా దించుతాడు. కోరస్ పెదవి దాటీ దాటనట్టు పలుకుతుంది. స్టీల్ గిటారు గొంతును దాటి ముందుకు రాదు, నీడలా వెనకే నడుస్తుంది. ఇంత తేలిగ్గా వినిపించే పాట 29వ టేక్‌లో గాని కుదరలేదు. చెమటంతా స్టూడియోలోనే ఉండిపోయింది, మన దాకా వచ్చింది చల్లదనమే.

స్టీల్ గిటారు వాయించడంలో అసలు పనితనం మరోచోట ఉంది. ఎడమచేతి కడ్డీ తీగ మీద ముందుకు జారుతుంటే, దాని వెనక వేళ్లు తీగలను మెత్తగా తాకుతూ పోతాయి. అక్కర్లేని మోతను అక్కడికక్కడే అణిచేస్తాయి. మనకు వినిపించే జారుడు ఎంత ముఖ్యమో, వినిపించకుండా ఆపిన మోత కూడా అంతే.

మా గూడ్సు బండి కూడా ఇనుము మీదే జారుతుంది. దానికి లేనివల్లా ఆ వెనక వేళ్లే.