యూక్లిడ్ మీదుగా కాంట్ దగ్గరికి

అమెరికాలో ఫిలాసఫీకి పేరున్న చిన్న కాలేజీల్లో రెండింటిని పక్కపక్కన పెడితే, డిగ్రీలో ఫిలాసఫీ చదవడమంటే ఏమిటన్న దాంట్లో ఆ రెండూ ఏకీభవించవని తెలుస్తుంది. అన్నాపొలిస్‌లోని సెయింట్ జాన్స్‌లో ఫిలాసఫీ మేజర్ లేదు. ఆ మాటకొస్తే మేజర్లూ లేవు, డిపార్ట్‌మెంట్లూ లేవు. 1937లో స్ట్రింగ్‌ఫెలో బార్, స్కాట్ బుకనన్ మొదలుపెట్టిన పద్ధతిలో అందరూ దాదాపు అవే పుస్తకాలు చదువుతారు. అక్కడ ఫిలాసఫీని తప్పించుకోవడమే కష్టం. పోర్ట్‌లండ్‌లోని రీడ్ కాలేజీలో మాత్రం అదొక డిపార్ట్‌మెంటు. కావాలనుకున్నవాళ్లు చేరతారు, మూడో ఏట క్వాలిఫయింగ్ పరీక్ష గట్టెక్కుతారు, నాలుగో ఏడంతా థీసిస్‌తో కుస్తీ పడతారు.

సెయింట్ జాన్స్ గొప్పతనం ప్లేటో సెమినార్‌లో ఉందంటారు. నన్నడిగితే అది లెక్కల క్లాసులో ఉంది. మొదటి ఏడు విద్యార్థులు యూక్లిడ్ ప్రతిపాదనల్ని బోర్డు దగ్గర నిలబడి ఒక్కొక్కటే నిరూపిస్తారు. అవి కాదనలేని సత్యాలన్న నమ్మకం ఒంటికి పట్టాక, మూడో ఏట కాంట్ ఎదురవుతాడు. అనుభవం మీద ఆధారపడకుండానే జ్యామితి ప్రపంచం గురించి అంత నిశ్చయంగా ఎలా చెప్పగలుగుతోందన్నది ఆయన ప్రశ్న. మిగతా చోట్ల విద్యార్థికి ఈ ప్రశ్న అరువు తెచ్చుకున్నదే. ఇక్కడ సొంతం, ఎందుకంటే ఆ నిశ్చయాన్ని తన చేత్తో గీసి చూసుకున్నాడు. నాలుగో ఏట గణితవేత్త లోబచెవ్‌స్కీ వచ్చి యూక్లిడ్ సమాంతర రేఖల సూత్రాన్నే మార్చేస్తాడు. కాంట్ చెప్పిందాంట్లో ఇంకేం మిగిలిందన్న గొడవ అప్పుడు మొదలవుతుంది. ఏ ఫిలాసఫీ డిపార్ట్‌మెంటూ ఒంటరిగా ఇవ్వలేని అనుభవమిది.

ఇక లోపం. అక్కడి ట్యూటర్లు తమ సబ్జెక్టు కానిదీ బోధిస్తారు, వ్యాఖ్యాన గ్రంథాల్ని దూరం పెడతారు. విద్యార్థికి ధైర్యం వస్తుంది, నిజమే. కానీ అరిస్టాటిల్‌ని అతను తలకిందులుగా అర్థం చేసుకుంటే, పుస్తకమే సరిదిద్దాలి. పుస్తకాలు అంత ఓపికగా దిద్దవు. తాను కనిపెట్టాననుకున్న అభ్యంతరానికి యాభై ఏళ్ల కిందటే ఎవరో జవాబు చెప్పేశారన్న సంగతి తెలియకుండానే పట్టా పుచ్చుకునే ప్రమాదం ఉంది.

రీడ్‌లో ఆ అమాయకత్వం సాగదు. థీసిస్ రాసేవాడు ఇప్పుడు బతికున్న ఫిలాసఫర్ల వ్యాసాలతో తలపడాలి, చివర్లో అధ్యాపకుల ముందు కూర్చుని తన వాదన నిలబెట్టుకోవాలి. గ్రేడ్లున్నా, అడిగితే తప్ప మామూలుగా చెప్పరు. పేపరు మీద వచ్చేది మార్కు కాదు, వ్యాఖ్య. (మన దగ్గర ఇలా చేస్తే ముందు తల్లిదండ్రులే గేటు దగ్గర ధర్నాకి దిగుతారు.) సెయింట్ జాన్స్‌లో దీనికి బదులు డాన్ రాగ్ అనే తంతు ఉంది. విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టి, అతను లేనట్టే ట్యూటర్లు అతని చదువు గురించి మాట్లాడుకుంటారు. తర్వాత అతన్ని మాట్లాడమంటారు. కొంచెం క్రూరంగా ఉన్నా, మార్కుల జాబితా కంటే నిజాయితీ ఉన్న పద్ధతి.

ఫిలాసఫీలోనే పైచదువుకు వెళ్లాలనుకునేవాళ్లకి నేను రీడ్‌నే చెబుతాను. ఇంకో కారణం కూడా ఉంది. రీడ్‌లో మొదటి ఏడు అందరూ చదివే హ్యుమానిటీస్ 110 కోర్సు మీద విద్యార్థులు నిరసనకు దిగారు. ఎవరి నాగరికతని నాగరికత అంటున్నారని నిలదీశారు. గొడవ తీరు కొందరికి నచ్చలేదు గానీ, 2018 నుంచి ప్రాచీన మధ్యధరా ప్రాంతంతో పాటు మెక్సికో సిటీ, హార్లెమ్ కూడా పాఠంలోకి వచ్చాయి. సెయింట్ జాన్స్ జాబితా ఇంత తేలిగ్గా కదలదు. ఆ కాలేజీకే ఉన్న శాంటా ఫే క్యాంపస్‌లో సంస్కృతం నేర్పి ఉపనిషత్తులు, గీత చదివించే ప్రాచ్య గ్రంథాల కోర్సు ఉంది. కాకపోతే అది ఎం.ఎ. వాళ్లకి. డిగ్రీ విద్యార్థులందరూ చదివే జాబితా మాత్రం హోమర్‌తో మొదలై ఎక్కువగా యూరప్, అమెరికాల మధ్యే తిరుగుతుంది.