మెగ్గర్ చెప్పనిది, కాలిన కాయిల్ చెప్పేది

త్రీఫేజు మోటారు వైండింగ్ బాగుందో లేదో తేల్చాలంటే ముందుగా చేతికొచ్చేది మెగ్గర్. వైండింగుకూ బాడీకీ మధ్య 500 వోల్టుల డీసీ పెట్టి, ఇన్సులేషన్ ఎన్ని మెగాఓములుందో చూపుతుంది. పొలాల్లో వాడే చిన్న మోటార్ల తరహా వైండింగుకు 40 డిగ్రీల దగ్గర కనీసం 5 మెగాఓములు ఉండాలన్నది ఐఈఈఈ 43 ప్రమాణం. వేడి పది డిగ్రీలు పెరిగితే రీడింగు దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే అప్పుడే ఆపిన మోటారుకు మెగ్గర్ పెట్టి పనికిరాదనడం తొందరపాటు. తడిసిన మోటారు కూడా బాగా ఆరబెడితే చాలాసార్లు తేరుకుంటుంది.

అయితే మెగ్గర్‌కు తెలిసేది బాడీకి తగిలిన షార్టే. ఒకే కాయిల్‌లో పక్కపక్క చుట్ల మధ్య పూత పోతే దానికి అందదు. రీడింగు నిక్షేపంగా ఉంటుంది, లోపల మాత్రం షార్టయిన చుట్టులో తిరిగే కరెంటు ఆ చోటును కాల్చేస్తూ ఉంటుంది. మామూలు మల్టీమీటరుకూ ఈ తేడా దొరకదు. మిల్లీఓములు కొలిచే మీటరు గానీ, ఫేజుల తరంగాలను తెరమీద పోల్చి చూపే సర్జ్ టెస్టరు గానీ కావాలి. ఊళ్లో షాపులకు ఇవి ఖరీదే.

ఖరీదు లేని పరీక్ష ఒకటుంది, దాన్ని వాడేవాళ్లే తక్కువ. టాంగ్ టెస్టరుతో మూడు లైన్ల కరెంటు చూడాలి. ఒకదాంట్లో ఎక్కువుంటే, సప్లై ఆపి మూడు వైర్లనూ వరసలో ఒక్కో స్థానం జరిపి బిగించాలి. మోటారు తిరిగే దిక్కు మారదు. ఎక్కువ కరెంటు అదే లైనులో ఉండిపోతే తప్పు సప్లైది. మోటారు వైరుతో పాటు జరిగితే తప్పు వైండింగుది.

మంచి పరికరాలుంటే చాలు, సమస్య తీరినట్టే అనిపిస్తుంది. కానీ ఒకే సీజనులో మళ్లీ మళ్లీ రీవైండింగుకు వచ్చే బోరు మోటార్ల విషయంలో పరికరం కన్నా కాలిన స్టేటరే ఎక్కువ చెబుతుంది. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల కాయిళ్లు నల్లబడి మూడోది శుభ్రంగా ఉంటే, ఆ మోటారు ఒక ఫేజు లేకుండా నడిచింది. డెల్టాలో అయితే ఒక్క ఫేజే మాడుతుంది. అన్నీ సమానంగా నల్లబడితే ఓవర్‌లోడు, లో వోల్టేజి, లేదా పట్టేసిన పంపు. ఒక్క కాయిల్‌లో ఒక్కచోటే కాలితే చుట్ల షార్టు. ఇంత సాక్ష్యాన్ని చూడకుండానే కత్తిరించి, రాగిని తుక్కులో వేయడం ఈ వృత్తిలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. కారణం తెలియని మరమ్మతు సగం మరమ్మతే.

రైతులు షాపులో అడగాల్సింది ఒక్కటే: కత్తెర పెట్టకముందు వైండింగ్ చూపించమని. స్టార్ మోటారులో రెండు ఫేజులు నల్లబడి ఉంటే, కొత్త వైండింగుకు కరెంటు ఇచ్చేముందు ఫ్యూజులు, జాయింట్లు, స్టార్టరు కాంటాక్టులు చూపించుకోవాలి, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించుకోవాలి.