మంద్ర తీగకు ఏ చుట్టు?

వీణ కొనేవాళ్లు ముందు కుండ పనసకర్రేనా అని అడుగుతారు. మైనం మీద నిలిపిన ఇరవై నాలుగు మెట్లనూ తడిమి చూస్తారు. తీగల దగ్గరికొచ్చేసరికి మాత్రం దుకాణంలో ఇచ్చిందే పుచ్చుకుంటారు. వాద్యం గొంతు సగం తీగలోనే ఉంటుంది. అందులోనూ మంద్రం, అనుమంద్రం తీగల్లో.

సారణి, పంచమం ఉత్త ఉక్కు తీగలు. వాటితో పేచీ లేదు. కింది స్థాయికి దిగాలంటే తీగ బరువెక్కాలి. ఒకే లోహంతో లావుగా చేస్తే అది బిరుసెక్కుతుంది, దాని అనుస్వరాలు శ్రుతి తప్పి పైకి జరుగుతాయి. అందుకని సన్నని ఉక్కు తీగ చుట్టూ ఇత్తడో రాగో చుడతారు. బరువు పెరుగుతుంది, మెత్తదనం పోదు.

ఆ చుట్టే తీగ గుండ్రంగా ఉంటే రౌండ్‌వౌండ్, రేకులా అణిచినదైతే ఫ్లాట్‌వౌండ్. ధర్మవరం చీర అంచులో మెరిసే అసలు జరీ ఈ రెండో పద్ధతిలోనే తయారవుతుంది: వెండి తీగను సాగదీసి, రేకుగా అణిచి, పట్టుదారం చుట్టూ చుడతారు. ఆ నునుపే తీగలోనూ వస్తుంది.

గుండ్రటి చుట్టు మీద సన్నని గట్లుంటాయి. మీటగానే నాదం తళుక్కుమంటుంది, చాలాసేపు నిలుస్తుంది. కానీ జారు వేస్తే వేలు గట్ల మీద బరబరమంటుంది. గమకం కోసం తీగను మెట్టు మీద పక్కకు లాగిన ప్రతిసారీ కంచు మెట్టు కాస్త అరుగుతుంది. పైగా వైణికులు వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటారు. ఆ నూనె, దుమ్ము గట్ల సందుల్లో చేరి కొన్నాళ్లకు తీగ మూగబోతుంది. ఫ్లాట్‌వౌండ్‌లో ఈ బాధలు తక్కువ. తళుకు తగ్గి, స్వరం గుండ్రంగా, లోతుగా పలుకుతుంది. విలంబకాలంలో ఆలాపన చేసేవారికి నేను నిస్సంకోచంగా దీన్నే చెబుతాను. తానంలో మాత్రం మీటు మీటుకీ స్పష్టత కావాలి, అక్కడ గుండ్రటి చుట్టుదే పైచేయి.

తీగల మీద ఈ శ్రద్ధ కొత్తది కాదు. హిందూపురం పక్కనే లేపాక్షి నాట్యమంటపంలో తుంబురుడు వీణ పట్టుకుని నిలబడ్డాడు. ఆ గుడి విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించినది. 1550లో స్వరమేళకళానిధి రాసిన రామామాత్యుడు ఒక వీణా మేళానికి ఆ రాయల పేరే పెట్టాడు. తీగల శ్రుతి, మెట్ల అమరిక రాజాస్థానంలో చర్చించదగ్గ విషయాలన్నమాట. తంజావూరు నాయకుల కాలానికి ఇరవై నాలుగు మెట్ల వీణ స్థిరపడింది.

బేస్ గిటారు వాళ్లకూ ఇదే ఎంపిక. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ ఫ్లాట్‌వౌండ్ వాడి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. 1966లో ఇంగ్లండ్‌లో జాన్ ఎంట్‌విజిల్ తన బేస్ పియానోలా మోగాలని రోటోసౌండ్ కంపెనీతో కలిసి రౌండ్‌వౌండ్ తీగలు తయారు చేయించుకున్నాడు. పెళ్లి ఆర్కెస్ట్రాలో పాత మెలోడీలు వాయించే కుర్రవాడికి మొదటి దారి, వేగం పాటలవాడికి రెండోది నప్పుతాయి.

ఒక్క జాగ్రత్త. చుట్టు మారితే బిగువూ లావూ మారతాయి, మెట్టు మీద నొక్కినప్పుడు పలికే స్వరం కొద్దిగా కదులుతుంది. గిటారుకైతే బ్రిడ్జి దగ్గర మర తిప్పితే సరిపోతుంది. వీణకు మైనం కరిగించి, మెట్లు సరిచేసి మేళం మళ్లీ కట్టాలి. కాబట్టి తీగ రకం మార్చాలనుకుంటే మేళం కట్టించే రోజునే మార్చండి.