ఆనవాలు, ఆభాసము: పాత టెలివిజను ధారావాహికలపై మక్కువను గూర్చిన విచారము

ఒక కృతి మంచిదా కాదా యను ప్రశ్న వేఱు. అది మనకేల ప్రియమైనదను ప్రశ్న వేఱు. ప్రాచీన కావ్యముల విషయమున ఈ భేదమును మనము తఱచుగా మఱతుము. ఏలయన, అచ్చట ప్రియమైనది చాలవఱకు మంచిదియు నగుచుండును. ఈ రెండును స్పష్టముగా విడివడి కానవచ్చు తావొకటి కలదు. అది పాత టెలివిజను ధారావాహికలపై జనులకు గల మక్కువ. అట్టగోడలు, అతిగా సాగిన సంభాషణలు, ఎవరును నమ్మజాలని పోరాటములు గల ఆ కథలను నవ్వుచునే చూచి, వాని బొమ్మలను, డబ్బాలను, దుస్తులను అపురూపముగా దాచుకొనువారు అమెరికా దేశమున ననేకులు. ఈ మక్కువను హీనరుచి యని త్రోసివేయుట సులభము. అట్లు త్రోసివేయుటయు, దానినే గుణనిర్ణయముగా స్వీకరించుటయు రెండును సరికావని మా యభిప్రాయము.

‘బ్యాట్‌మన్’ ధారావాహికను ఉదాహరణముగా గైకొందము. ఏబీసీ సంస్థ దీనిని 1966 జనవరి 12వ తేదీన ప్రారంభించి 1968 మార్చి 14వ తేదీన ముగించినది. మొత్తము 120 భాగములు. ఆడమ్ వెస్ట్ నాయకుడు, బర్ట్ వార్డ్ అనుచరుడు. నిర్మాతయైన విలియమ్ డోజియర్ తానే వ్యాఖ్యాతయై గంభీరస్వరముతో కథను నడిపెను. ముష్టియుద్ధములలో దెబ్బల చప్పుళ్లు పెద్ద యక్షరములై తెరపై నిలుచును. నాయకుడు త్రాడు పట్టి భవనము నెక్కు దృశ్యములలో నటులు నేలపై నడచుచుండగా కెమెరాను ప్రక్కకు త్రిప్పి చిత్రించిరి. ఇంత జరుగుచున్నను నాయకుడు మాత్రము ఒక్క మాటనైన నవ్వుచు పలుకడు. హాస్యమంతయు ఈ గాంభీర్యముననే యున్నది.

వికృతవేషము, వికృతవాక్కు మొదలగువానివలన హాస్యము పుట్టునని భరతుడు చెప్పెను. ఏ రసమున కాభాసము కలిగినను అది హాస్యమునకు దారితీయునని అభినవగుప్తుడు దానిని విస్తరించెను. ‘బ్యాట్‌మన్’ వీరరసాభాసము. అయితే 1966లో దానిని చూచిన బాలునకు అది ఆభాసము కాదు, వీరమే. ప్రక్కనే కూర్చున్న తండ్రికి అది హాస్యము. నిర్మాతలు ఈ రెండు తెగలవారిని గూడ ఉద్దేశించియే దానిని కూర్చిరి. 1964లో సూసన్ సాంటాగ్ ‘నోట్స్ ఆన్ క్యాంప్’ అను వ్యాసమున, ఇట్టి యానందము శుద్ధరూపమున నుండవలెనన్న కృతి అమాయకముగా గంభీరమై విఫలము కావలెననియు, తెలిసి చేసినది అంతగా తృప్తి నీయదనియు ప్రతిపాదించినది. ఈ ధారావాహిక యా వాదమునకు లొంగదు. ఇచ్చట కృతి తెలిసి చేసినదే, అమాయకత్వము బాలప్రేక్షకునియందున్నది. కావున ఆ గుణమును కృతియందే వెదకుట చాలదు.

ఆ బాలుడు పెద్దవాడై అదే భాగమును మరల చూచినప్పుడు, నాటి వీరమును నేటి హాస్యమును ఒక్క మనస్సుననే కలిసికొనును. కలుపునది స్మృతి. భరతుడు ముప్పదిమూడు వ్యభిచారిభావములలో స్మృతిని చేర్చెనుగాని దానికి స్థాయిత్వము నీయలేదు. ఇది గమనింపదగినది. నోస్టాల్జియా యను పదమును 1688లో బాసెల్ నగరమున యోహానెస్ హోఫర్ తన వైద్యసిద్ధాంత గ్రంథమున కల్పించినపుడు అది స్వదేశమునకు దూరమైనవారి రోగమునకు పేరు. నేడది కాలమునకు దూరమైనవారి భావమునకు పేరైనది. రోగమైనను భావమైనను, అది తనంతట తాను రసము కాదు. మఱియొకదానిని పోషించునది మాత్రమే.

ఇక వస్తువుల మాట. సుందరకాండమున హనుమంతుడు తెచ్చిన చూడామణిని చూచి శ్రీరాముడు సీతను మాత్రమే తలచుకొనలేదు. ఆ మణి వివాహవేళ జనకుడిచ్చినది. దానిని చూడగనే తండ్రియగు దశరథుడును, మామయగు జనకుడును కన్నుల యెదుట నిలిచినట్లు ఆయన పలికెను. ఆనవాలు ఒక్క వ్యక్తినే తెలుపదు. ఆ కాలమును, అప్పుడు చుట్టునున్నవారిని గూడ వెంటగొనివచ్చును. 1950లో అల్లాడిన్ ఇండస్ట్రీస్ వారు హాపలాంగ్ క్యాసిడీ యను కౌబాయి వీరుని బొమ్మ గల రేకు భోజనపు డబ్బాను అమ్మకమునకు పెట్టిరి. రేకు డబ్బా త్వరగా చెడదు గనుక మరల కొనువారు తక్కువ. బొమ్మ మారినచో పిల్లలు క్రొత్తది కోరుదురు. ఇది వర్తకుల యుక్తి. పారవేయుటకై చేసిన యా డబ్బాలనే నేడు భద్రపఱచుచున్నారు. దానిని చేతబట్టినవానికి కౌబాయి కథ గుర్తుండకపోవచ్చును. డబ్బాలో అన్నము సర్దిన తల్లి గుర్తుండును. ఆలంకారికుల పరిభాషలో ఇది ఉద్దీపనవిభావము. 1955 నాటి లింకన్ ఫ్యూచురా కారునుండి జార్జ్ బారిస్ రూపొందించిన బ్యాట్‌మన్ వాహనమును 2013 జనవరిలో అరిజోనా రాష్ట్రపు స్కాట్స్‌డేల్ నగరమున 42 లక్షల డాలర్లకు వేలము పాడిరి. ఆ వెల యినుమునకు గాని కథకు గాని కాదు, ఉద్దీపనశక్తికే.

ఇచ్చట నొక ఆక్షేపణ కలదు. ప్రేక్షకుడు తన స్వంత సుఖదుఃఖములకు వశుడగుట రసవిఘ్నములలో నొకటియని అభినవగుప్తుడు చెప్పెను. తల్లి జ్ఞాపకమున కన్నీరు పెట్టుకొనువాడు నాటకమును చూచుటలేదు. సాధారణీకరణము లేనిచోట రసము లేదు. ఈ ఆక్షేపణ బలమైనదే. కాని దీనివలన తేలునది యేమి? మక్కువ గుణమునకు ప్రమాణము కాదని మాత్రమే. గుణము లేదని కాదు. గుణపరీక్షకు వేఱు మార్గము కలదు. ఆ బాల్యస్మృతి యేమియు లేనివారికి కృతిని చూపవలెను. ‘బ్యాట్‌మన్’ లోని బుద్ధిపూర్వక హాస్యము ఆ పరీక్షకు నిలుచునని మేము తలచుచున్నాము. కేవలము స్మృతిబలమున బ్రతుకునది నిలువదు.

స్మృతి యంతయు నొక్క తీరున నుండదు. స్వెత్లానా బోయ్మ్ 2001లో ప్రకటించిన గ్రంథమున, పోయినదానిని తిరిగి కట్టజూచు స్మృతిని, పోయినదని యెఱిగియే తలపోయు స్మృతిని వేఱుపఱచినది. 1974 నుండి 1984 వఱకు ప్రసారమైన ‘హ్యాపీ డేస్’ అంతకు ముందటి 1950 ప్రాంతపు దినములను తీయగా చిత్రించినది. అందలి ఫాంజీ పాత్ర తోలు కోటు 1980లో స్మిత్‌సోనియన్ సంస్థకు చేరినది. నేడా కోటును చూచి మురియువారు ఒక స్మృతిని గూర్చిన స్మృతియందున్నారు. అట్టి తీపి జ్ఞాపకమునుండి 1950 నాటి చరిత్రను వ్రాయబూనుట ప్రమాదకరము.

కాని మక్కువను పూర్తిగా నమ్మరాదనుటకంటె దానిని విడువరాదనుట ముఖ్యము. కారణము భద్రత. 1946 నుండి 1956 వఱకు నడచిన డ్యూమాంట్ సంస్థ ప్రసారములలో నధికభాగము నశించినది. అవి భద్రపఱుపదగినవని నాటి యధికారులు తలంపలేదు. ‘స్టార్ ట్రెక్’ 1969లో 79 భాగములతో ముగిసినను, పునఃప్రసారములలో అభిమానులు దానిని బ్రతికించిరి. అందలి నౌక యొక్క పదునొకండడుగుల నమూనా 1974లో స్మిత్‌సోనియన్ సంస్థకు చేరి, 2016లో మరమ్మతుతో మరల ప్రదర్శితమైనది. విమర్శకుల తీర్పుకొఱకు వేచియున్నచో అదియు మిగిలెడిది కాదు. పండితులు తాటియాకులను సేకరించినట్లే అభిమానులు వీనిని సేకరించిరి. వారికి ప్రేరకము శాస్త్రము కాదు, ప్రేమ.

మన యెడ ఈ విచారము నిరర్థకము కాదు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో ప్రారంభమైనది. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987లో మొదలై, 2020 మార్చి 28 నుండి పునఃప్రసారమైనపుడు తెలుగిండ్లలోను జనులు చూచిరి; ఆకాశమున బాణములు ఢీకొను దృశ్యములకు నవ్వినవారే భక్తితోను చూచిరి. ఆ నవ్వునకు, ఆ భక్తికి గల సంబంధమును నిరూపించుట పరిశోధకుల పని. అట్టి పరిశోధనకు పూనుకొనువారు మూడు ప్రశ్నలను వేఱువేఱుగా నుంచుకొనవలెను: కృతియందేమున్నది? ప్రేక్షకుని స్మృతి దానికేమి చేర్చినది? ఆనవాలు ఎవరిని, ఏ కాలమును తెచ్చుచున్నది? మూడింటిని కలిపివేసినవాడు స్తోత్రము వ్రాయును. మొదటిదానినే చూచినవాడు నింద వ్రాయును. విమర్శ యీ రెంటికిని నడుమ నున్నది. అయితే ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు కృతి మిగిలియుండవలెను. గుణనిర్ణయమునకు గడువు కలదు, సంరక్షణమునకు లేదు.