ఎంజైము చుట్టూ ఉన్న నీళ్లు

1985లో హమండ్, క్లిబనోవ్, వారి సహచరులు పుట్టగొడుగుల నుంచి తీసిన పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముని సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌లో పనిచేయించారు. 31 డిగ్రీలు, 74 బార్లు దాటితే ఆ వాయువుకు సూపర్‌క్రిటికల్ స్థితి వస్తుంది. ఎంజైము చక్కగా పనిచేసింది. 1992లో ఫ్లోరిడాలో మురాత్ బలబాన్ బృందం అదే తరగతి ఎంజైముని లాబ్‌స్టర్, రొయ్య, బంగాళాదుంపల నుంచి తీసి, 43 డిగ్రీల దగ్గర 58 అట్మాస్ఫియర్ల కార్బన్ డయాక్సైడ్ కింద పెట్టింది. లాబ్‌స్టర్, రొయ్యల ఎంజైములు నిమిషంలోనే చాలావరకు పని మానేశాయి. ఎక్కువ ఒత్తిడిలో బతికింది తక్కువ ఒత్తిడిలో ఎలా చచ్చింది?

ఇలాంటి ప్రయోగాల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలకు నేను మొదట ఇచ్చే ప్రశ్న ఇదే. అందరి చూపూ ప్రెషర్ గేజ్ మీదే ఉంటుంది. ఉత్త ఒత్తిడితో ప్రొటీన్‌ని విరిచేయాలంటే వేల అట్మాస్ఫియర్లు కావాలి. 1914లో బ్రిడ్జ్‌మన్ కోడిగుడ్డు తెల్లసొనని గడ్డకట్టించింది అలాగే. దాని ముందు 58 ఎంత?

తేడా అంతా నీళ్లలో ఉంది. ఫ్లోరిడాలో ఎంజైము నీళ్లలో కరిగి ఉంది. వాయువు ఆ నీళ్లలో కలిసి కార్బోనిక్ ఆమ్లమైంది, పీహెచ్ పడిపోయింది. పులుపొక్కటే కాదు: నారింజ రసంలోని పెక్టినెస్టరేజ్ అనే ఎంజైము విషయంలో, పీహెచ్ తగ్గినంత మాత్రాన అంత నష్టం జరగదని ఆ బృందమే చూపింది. హమండ్ వాళ్ల దగ్గర చుట్టూ ఉన్నది వాయువే, నీళ్లు కొద్దిపాటి. అలాగని పూర్తిగా ఎండబెట్టినా కుదరదు. ఎంజైముని అంటిపెట్టుకున్న ఆ కాస్త తడినీ కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటే అది బిగుసుకుపోతుంది.

అందుకే ఒత్తిడి, వేడి రాసి, తడి ఎంతో రాయని ప్రయోగపు పుస్తకాన్ని నేను ఒప్పుకోను. తడి లెక్క లేకపోతే మిగతా అంకెలతో నాకు పనిలేదు. ఒత్తిడి వదిలే వేగం కూడా రాయాలి. వాల్వు ఒక్కసారిగా తిప్పితే వాయువు వ్యాపించి చల్లబడుతుంది, గొట్టం మీద మంచు కడుతుంది. అంతసేపూ నిలిచిన ఎంజైము ఆ చివరి క్షణాల్లో దెబ్బతినొచ్చు. ఓపిగ్గా వదలడం కూడా ప్రయోగంలో భాగమే.

ఫ్లోరిడా పరీక్షలో బంగాళాదుంప ఎంజైము మాత్రం మొండికేసింది. కాబట్టి ఒక జీవి అంకెని ఇంకో జీవికి అప్పగించలేం. మన గోదావరి చెరువుల్లో పెంచే వనామీ రొయ్య తల నల్లబడేదీ ఈ తరగతి ఎంజైము వల్లే. ఫ్లోరిడాలో చూసిన రొయ్య జాతి వేరు. వనామీకి ఎంత కావాలో వనామీని తెచ్చి కొలవాల్సిందే.